గోదావరి పులస

పులస గోదావరి నదిలో వరదల కాలంలో లభించే ఒక చేప. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతూ వచ్చే ఈ చేపను బెంగాలీలు ఇలిష్ అని, ఇతరులు హిల్సా అని అంటారు. శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలీషా. ఆంధ్ర ప్రదేశ్‌లో తూర్పు, పశ్చిమ గోదావరి ప్రాంతాలవారికి ఇది చేపలన్నిటిలోకి మేలైనది, ఖరీదైనది. ధవళేశ్వరం, కడియం, బొబ్బర్లంక, జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం, యానాం పరిసరాలలో జూలై నుండి సెప్టెంబరు వరకు పులస కోసం ఎదురుచూడడం, కొనడం, వండడం, బంధుమిత్రులను పిలిచి పెట్టడం ఒక ఋతుసంబంధమైన ఆచారంగా సాగుతున్నది. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అనే సామెత ఈ ప్రాంతంలో ప్రసిద్ధం.

జపాను దేశంలో చేపను కేంద్రంగా చేసుకొని వంటవాని ఇష్టానికే భోజనాన్ని వదిలివేసే ఒమకాసే పద్ధతి ఎంత ఖరీదైనదో, గోదావరి జిల్లాలలో పులస విందు అంత గౌరవం కలది. రెండింటి పోలికలు, తేడాలు కూడా ఈ వ్యాసంలో చెప్పబడినవి.

పేరు

ఒకే చేపకు రెండు పేర్లు ఉండడం పులస ప్రత్యేకత. సముద్రంలో పట్టుబడినపుడు దీనిని వలస, విలస, ఇలస అని వ్యవహరిస్తారు. గోదావరి తీపి నీటిలోకి ప్రవేశించి కొంత దూరం ఈదిన తరువాత పట్టుబడితే అదే చేప పులస అవుతుంది. పేరుతో పాటు ధర కూడా మారుతుంది. సముద్రపు వలసను సామాన్యులు కొనగలరు, నది పులసను కొనడం చాలామందికి సాధ్యం కాదు.

ఈ చేప ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, టాంజానియా తీరాల నుండి వేల కిలోమీటర్లు ఈదుకొంటూ గోదావరికి వస్తుందని పత్రికలలోను, ప్రజల నోటను తరచు వినబడుతుంది. ఇది సరి కాదు. పులస జాతి పర్షియా సింధుశాఖ నుండి అరేబియా సముద్రం, బంగాళాఖాతం మీదుగా మయన్మార్ తీరం వరకు నివసిస్తుంది. గోదావరిలోకి వచ్చేవి బంగాళాఖాతంలో తీరానికి సమీపంగా బ్రతికే చేపలే. వాటి ప్రయాణంలో ఆశ్చర్యం కలిగించేది దూరం కాదు, ఉప్పు నీటి నుండి తీపి నీటికి శరీరాన్ని మార్చుకోగలగడం.

జీవక్రమం

పులస కవళ్ళ వంటి చేపల వర్గానికి చెందినది. దేహం పక్కలకు నొక్కినట్లుండి, పొట్ట అంచు రంపపు పళ్ళవలె గరుకుగా ఉంటుంది. పొలుసులు పెద్దవి, వెండి రంగులో మెరుస్తాయి. సాధారణంగా 35 నుండి 40 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అరుదుగా 60 సెంటీమీటర్ల వరకు కూడా పెరుగుతుంది. ఆహారం నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు. నీటిని మొప్పల గుండా వడకట్టి వాటిని తింటుంది కనుక గాలానికి ఎర పెట్టి దీనిని పట్టడం కష్టం. వలయే ఆధారం.

నైరుతి ఋతుపవనాలతో గోదావరికి ఎర్రనీరు రాగానే, ఆ నీరు సముద్రంలో కలిసే చోట ఉప్పదనం తగ్గి ప్రవాహం బలపడుతుంది. అప్పుడు గుడ్లతో నిండిన చేపలు నదీముఖాల వద్దకు చేరి, గౌతమి, వశిష్ఠ పాయల గుండా ఎదురీదడం మొదలుపెడతాయి. ప్రయాణంలో ఇవి చాలా తక్కువగా తింటాయి. సముద్రంలో ఉన్నంత కాలం కూడబెట్టుకొన్న కొవ్వును కరిగించుకొంటూ ఈదుతాయి. ఆ కొవ్వు కండలోకి వ్యాపించి ఉండడమే పులస రుచికి ముఖ్య కారణంగా చెబుతారు. అయితే మరీ ఎగువకు వెళ్ళి, గుడ్లు పెట్టిన తరువాత తిరిగి దిగువకు వచ్చే చేప కొవ్వు కోల్పోయి చప్పబడుతుంది. కాబట్టి ఎంత ఎగువన పట్టుబడితే అంత రుచి అనే మాట కొంతవరకే నిజం.

ఒక ఆడ చేప దాని పరిమాణాన్ని బట్టి లక్ష నుండి 20 లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. పిల్లలు కొన్ని నెలలు నదిలోను, సంగమ ప్రాంతపు ఉప్పుటేరులలోను పెరిగి సముద్రానికి పోతాయి. పెద్దవై మరల గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీటి నుండి బయటకు తీసిన కొద్దిసేపటికే పులస చనిపోతుంది. అందువలన కొర్రమీను వంటి వాటివలె దీనిని తొట్టెలో ప్రాణంతో ఉంచి అమ్మడం వీలుకాదు.

ఆనకట్ట

గోదావరి పులస చరిత్రను ధవళేశ్వరం ఆనకట్ట నుండి విడదీయలేము. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఈ ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా నిలిచినది. దీనితో క్షామపీడిత ప్రాంతం వరి పొలాల సీమగా మారినది. నేడు కడియం మండలంలోని నర్సరీలు, తోటలు కూడా ఈ ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువల నీటిపై పెరిగినవే. కాని సముద్రం నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరం ఈది వచ్చిన చేపకు అదే ఆనకట్ట గోడ అయినది.

ఆనకట్టల వలన వలస చేపలకు కలిగే అడ్డంకిని ఆ కాలంలోనే గుర్తించినవారు ఉన్నారు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసి భారతదేశపు చేపల శాస్త్రానికి పునాది వేసిన ఫ్రాన్సిస్ డే, 1873లో ప్రచురితమైన తన నివేదికలో నదులకు అడ్డంగా కట్టిన కట్టడాల వద్ద పులస వంటి చేపలు ఆగిపోయి విచ్చలవిడిగా పట్టుబడుతున్నాయని, చేపలు ఎక్కిపోవడానికి దారులు ఉంచాలని వాదించాడు. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలై 1982 నాటికి పూర్తయిన సర్ ఆర్థర్ కాటన్ బారేజికి 175 గేట్లు ఉన్నవి. పెద్ద వరదలలో గేట్లన్నీ ఎత్తినపుడు కొన్ని చేపలు ఎగువకు పోగలవు. మిగిలిన రోజులలో బారేజి దిగువనే తిరుగుతూ ఉంటాయి. బొబ్బర్లంక, ధవళేశ్వరం రేవులు పులసకు పేరు పొందడానికి ఇదే కారణం. అక్కడి నీటికి ప్రత్యేకమైన మహిమ ఉన్నదని చెప్పుకొనే మాటలలో, చేప అక్కడ ఆగక తప్పదనే సంగతి మరుగున పడుతున్నది.

ఇతర నదులలోను ఇదే జరిగినది. కావేరిపై 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తయిన తరువాత అక్కడ ఈ చేప రాక క్షీణించినది. గంగానదిలో ఒకప్పుడు అలహాబాదు దాటి, ఆగ్రా, ఢిల్లీల వరకు పోయే ఇలిష్, 1975లో ఫరక్కా బారేజి పనిచేయడం మొదలైన తరువాత ఎగువన దాదాపు కనబడకుండా పోయినది.

వేట, బేరం

వరద నీటిలో పులస వేట ప్రమాదంతో కూడుకొన్నది. ప్రవాహం వేగంగా ఉన్నపుడే చేప వస్తుంది, అప్పుడే నావ నిలపడం కష్టం. చెట్లు, దుంగలు కొట్టుకొని వచ్చి వలలు చినిగిపోతాయి. రోజంతా తిరిగినా ఒక్క చేప కూడా దొరకని రోజులే ఎక్కువ. దొరికితే మాత్రం ఆ ఒక్క చేప కొన్ని వారాల సంపాదనకు సమానం.

చేప గట్టుకు చేరకముందే కొనుగోలుదారులు ఎదురుచూస్తూ ఉంటారు. యానాంలో వేలంపాట పెడతారు. జాతీయ రహదారిపై (నేటి 16వ నంబరు, పూర్వం 5వ నంబరు) జొన్నాడ, రావులపాలెం మధ్య గౌతమి వంతెన వద్ద, సిద్ధాంతం వద్ద వశిష్ఠ వంతెన వద్ద దారి పక్కనే అమ్ముతారు. తూకం కంటే చేప ఒక్కింటికి ఇంత అని బేరం చేయడమే పరిపాటి. చేప పెద్దదయ్యే కొద్దీ ధర అంతకు మించి పెరుగుతుంది. 2020 తరువాతి సంవత్సరాలలో యానాం వేలంలో ఒక్కొక్క చేప 20 వేల రూపాయలు దాటిన సందర్భాలు ఉన్నవి. ఈ ధరలో వేటగానికి ఎంత చేరుతుందనేది అతడు ముందుగా ఎవరి వద్ద అప్పు తీసుకొన్నాడనే దానిపై కూడా ఆధారపడుతుంది. పెట్టుబడి పెట్టినవారికే చేప ఇవ్వవలసిన ఒప్పందాలు చేపల వ్యాపారంలో సామాన్యం.

కడియం మండలం గౌతమికి ఎడమవైపున ఉన్నది. కడియపులంక, బుర్రిలంక గ్రామాల నర్సరీల నుండి దేశమంతటా మొక్కలు పోతాయి. వర్షాకాలం మొక్కలు నాటడానికి అనువైన కాలం, పులస వచ్చే కాలమూ అదే. దూరప్రాంతాల నుండి వచ్చినవారు మొక్కలతో పాటు పులస గురించి కూడా వాకబు చేస్తారు. భోజనశాలలలో ఇది రోజూ దొరికే పదార్థం కాదు. ముందుగా చెప్పి ఉంచాలి, చేప దొరికితే కబురు వస్తుంది. లేకపోతే లేదు.

వంట

పులసతో ఇగురు, వేపుడు కూడా చేస్తారు గాని, పులుసే ప్రధానం. పొలుసు తీసి, ఉప్పు, పసుపులతో కడిగి, మందంగా ముక్కలు కోస్తారు. ఎక్కువసార్లు కడిగితే కొవ్వు పోతుందని పెద్దవారు హెచ్చరిస్తారు. అడుగు వెడల్పుగా ఉన్న మట్టి దాకలో ముక్కలను ఒక వరుసగా పేర్చి, ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిరపకాయలు, కారం, చింతపండు పులుసు, నూనె కలిపి సన్నని సెగపై ఉంచుతారు. కట్టెల మంట గాని, పిడకల సెగ గాని మేలని అంటారు. బెండకాయలను కోయకుండా నిలువునా వేయడం గోదావరి పద్ధతి. కొందరు వంకాయలు కూడా వేస్తారు. దించే ముందు వెన్నపూస, కొత్త ఆవకాయ మీది నూనె కలిపే ఇళ్ళు ఉన్నవి. మసాలా ఎక్కువగా వేయరు. అంత ధర పెట్టి కొన్న చేప వాసనను మసాలాతో కప్పడం అవివేకమని ఇక్కడి వంటవారి అభిప్రాయం.

ముక్క విరుగుతుంది కనుక గరిటె పెట్టరు. దాకను రెండు చేతులతో పట్టుకొని తిప్పుతారు. పులుసు చిక్కబడి నూనె పైకి తేలిన తరువాత దించి, మూత వేసి ఉంచుతారు. ఆ రోజు తినడం కంటే మరునాడు తినడమే శ్రేష్ఠమని అందరూ అంగీకరిస్తారు. దీనికి కారణం లేకపోలేదు. పులస కండలో వెంట్రుకల వంటి సన్నని ముళ్ళు చాలా ఉంటాయి. చింతపండు పులుపులో రాత్రంతా ఊరడం వలన ఆ ముళ్ళు కొంత మెత్తబడతాయి, పులుపు, ఉప్పు ముక్క లోపలికి దిగుతాయి. మరునాటికి నిలిచే గుణం వలన వండిన పులుసును డబ్బాలలో హైదరాబాదు వంటి ఊళ్ళకు పంపడం కూడా సాధ్యమవుతున్నది. పై అధికారులకు, నాయకులకు పులస పులుసు పంపి మన్నన పొందడం గోదావరి జిల్లాలలో చాలాకాలంగా హాస్యోక్తులకు విషయం.

గుడ్ల సంచి (జన) ఉన్న చేపకు గిరాకీ ఎక్కువ. జనను విడిగా వేయించడం గాని, పులుసులోనే వేయడం గాని చేస్తారు.

విందు ఆచారం

పులస విందులో తినేవారికి ఎంపిక ఉండదు. ఎప్పుడు తినాలో నది నిర్ణయిస్తుంది, ఎలా వండాలో ఇంటి ఇల్లాలు గాని, వంటమనిషి గాని నిర్ణయిస్తారు. ఎవరికి ఏ ముక్క వేయాలో వడ్డించేవారి చేతిలో ఉంటుంది. నడిమి ముక్కలు, జన ముందుగా అతిథులకు, అల్లుళ్ళకు వెళతాయి. తల, తోక ఇంటివారికి మిగులుతాయి. వేడి అన్నంలో ముందు వట్టి పులుసు కలుపుకొని, తరువాత ముక్కను వేలితో విడదీస్తూ నెమ్మదిగా తినాలి. ముళ్ళ వలన తొందరగా తినడం ప్రమాదకరం. పిల్లలకు పెద్దవారు ముళ్ళు ఏరి పెడతారు. చేయి నేర్చిన వ్రేళ్ళకే పులస రుచి తెలుస్తుందని చెప్పవచ్చు. చెంచాతో దీనిని తినడం కుదరదు.

ఒమకాసేతో పోలిక

ఒమకాసే అనే జపాను మాటకు "మీకే వదిలివేస్తున్నాను" అని అర్థం. ఉన్నత శ్రేణి సుషీ భోజనశాలలో అతిథులు కొద్దిమంది మాత్రమే ఒక చెక్క బల్ల ముందు కూర్చుంటారు. పదార్థాల పట్టిక ఉండదు. ఆ రోజు ఉదయం అంగడిలో దొరికిన చేపలను బట్టి వంటవాడు ఒక్కొక్క ముక్కను వెనిగరు కలిపిన గోరువెచ్చని అన్నం ముద్దపై ఉంచి ఎదుటనే అందిస్తాడు, అందిన వెంటనే తినాలి. టోక్యో నగరంలోని గింజా ప్రాంతంలో జిరో ఓనో నడిపిన సుకియాబాషి జిరో దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో పది ఆసనాలు మాత్రమే ఉన్నవి. 2011లో దీనిపై ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చినది. 2014 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామాకు జపాను ప్రధాని షింజో అబే ఇక్కడే విందు ఇచ్చాడు. సామాన్యులు నేరుగా చోటు పొందలేకపోవడం వలన 2019లో ప్రకటించిన మిషెలిన్ పుస్తకంలో దీనికి స్థానం ఇవ్వలేదు.

పచ్చి చేపకు, పులుసుకు పోలిక ఏమిటని అనిపించవచ్చు. అయితే సుషీ అంటే కేవలం తాజా పచ్చి చేప అనుకోవడం పొరపాటు. టోక్యో సంప్రదాయంలో వంటవాని నేర్పును పరీక్షించే చేప కొహాదా. ఇది పులసకు దూరపు బంధువే, సన్నని ముళ్ళు కలదే. దీనిని ఉప్పులో ఉంచి, తరువాత వెనిగరులో నానబెట్టి, కొన్ని రోజులు ఆగి వడ్డిస్తారు. పులుపుతో ముళ్ళను లొంగదీసే ఉపాయాన్ని గోదావరి వంటవారు చింతపండుతోను, టోక్యో వంటవారు వెనిగరుతోను సాధించారు. పేరు మారడం కూడా రెండు చోట్లా ఉన్నది. ఇదే చేప చిన్నదిగా ఉన్నపుడు షింకో, కొంత పెరిగితే కొహాదా, తరువాత నకాజుమి, పెద్దదైతే కొనోషిరో. అన్నిటిలోకి ఖరీదైనది వేసవిలో మొదటగా వచ్చే చిన్న షింకో. అంటే పులస విషయంలో నీరు మారితే ధర పెరుగుతుంది, కొహాదా విషయంలో వయసు పెరిగితే ధర తగ్గుతుంది.

ఋతువులో మొదటి చేపకు అసాధారణమైన ధర పలకడం కూడా ఉభయ సామాన్యమే. 2019 జనవరిలో టోక్యోలోని తొయోసు మార్కెట్టులో 278 కిలోల నీలిరెక్క ట్యూనా చేప 33 కోట్ల 36 లక్షల యెన్లకు అమ్ముడుపోయి అప్పటికి రికార్డు నెలకొల్పినది. అటువంటి పాటలలో ప్రకటన విలువ కూడా కలిసి ఉంటుంది. యానాం వేలంలో కొన్న చేప ఫొటో పత్రికలో రావడం వెనుక కూడా ఆ ఆకర్షణ కొంత లేకపోలేదు.

ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. నది చేపలలో పరాన్నజీవులు ఉండవచ్చు కనుక పులసను పచ్చిగా తినరాదు, తినే అలవాటు కూడా ఇక్కడ లేదు.

నకిలీ పులస

గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ కావడం వలన మోసం సహజమయినది. ఒడిషా, పశ్చిమ బెంగాల్ తీరాల నుండి మంచులో పెట్టి తెచ్చిన ఇలిష్‌ను గోదావరి పులసగా అమ్మడం విస్తారంగా జరుగుతున్నది. జాతి ఒకటే కాబట్టి దానిని వేరే చేప అనలేము, కాని గోదావరి చేప మాత్రం కాదు. పులసను పోలిన, పరిమాణంలో చిన్నవైన ఇతర జాతుల చేపలను కూడా అదే పేరుతో అంటగడుతుంటారు. నది చేపకు లేత బంగారు ఛాయ ఉంటుందని, సముద్రపు చేప తెల్లగా మెరుస్తుందని, నది చేప వీపు గుండ్రంగా ఉంటుందని అమ్మేవారు గుర్తులు చెబుతారు. అనుభవం లేనివారికి ఇవి అంతగా ఉపయోగపడవు. మంచులో రోజుల తరబడి ఉన్న చేపకు కన్ను లోపలికి పోయి, మొప్పలు ఎరుపు తగ్గి ఉంటాయి. కొనేవారు ముందుగా చూడవలసినవి ఇవే. వరద రాకముందే, జూన్ మొదట్లోనే "గోదావరి పులస" అంటూ అమ్మకానికి వస్తే అనుమానించడం మంచిది.

తరుగుదల, రక్షణ

పులస లభ్యత తగ్గిపోతున్నదనడంలో మత్స్యకారులకు, పరిశోధకులకు భేదాభిప్రాయం లేదు. నదికి అడ్డంగా కట్టడాలు, వరద నీరు సముద్రానికి చేరే తీరులో మార్పులు, పరిశ్రమల, పట్టణాల కాలుష్యం, సంగమాల వద్ద ఇసుక మేటలు, సన్నని కన్నుల వలలతో పిల్ల చేపలను పట్టడం ఇందుకు కారణాలు. వీటికి తోడు, ఈ చేపకు విలువ కట్టే పద్ధతిలోనే ఒక చిక్కు ఉన్నది. గుడ్లు పెట్టడానికి వస్తున్న చేపనే, గుడ్లు పెట్టక ముందే, గుడ్లతో ఉన్నదనే ఎక్కువ ధరకు కొంటున్నారు. చేప అరుదయ్యే కొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగే కొద్దీ మిగిలిన కొద్ది చేపల కోసం వేట తీవ్రమవుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉన్నది. కాని పులస నదిలోకి వచ్చేది ఆ నిషేధం ముగిసిన తరువాతనే. బంగ్లాదేశ్ ఈ విషయంలో వేరే మార్గం తీసుకొన్నది. ఇలిష్ ఆ దేశపు జాతీయ చేప. 2017లో అక్కడ దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. గుడ్లు పెట్టే ఋతువులో, సాధారణంగా అక్టోబరులో, 22 రోజులు ఈ చేపను పట్టడం, అమ్మడం, రవాణా చేయడం అక్కడ నిషిద్ధం. 25 సెంటీమీటర్ల లోపు పిల్ల చేపలను (జట్కా అంటారు) నవంబరు నుండి జూన్ వరకు పట్టరాదు. ఆ రోజులలో పని కోల్పోయిన మత్స్యకారుల కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఈ చర్యల తరువాత అక్కడ ఉత్పత్తి చాలా సంవత్సరాల పాటు పెరిగినది. ప్రపంచంలో పట్టుబడే ఇలిష్‌లో అత్యధిక భాగం బంగ్లాదేశ్‌దే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కూడా 2013లో 23 సెంటీమీటర్ల లోపు చేపల వేటను, అమ్మకాన్ని నిషేధించినది.

గోదావరిలో అటువంటి విరామం పెట్టడం తేలిక కాదు. ఇక్కడ పులస కాలం మొత్తం కొద్ది వారాలే, గుడ్ల కాలమూ అదే. ఆ వారాలలో వేట ఆపితే నదిపై బ్రతికే కుటుంబాలు ఏడాదిలో తమకు దక్కే పెద్ద ఆదాయాన్ని పూర్తిగా వదులుకోవలసి ఉంటుంది. చెరువులలో పెంచడం మరొక మార్గంగా కనబడుతుంది గాని, రొయ్యలు, బొచ్చెలు పెంచినంత సులువుగా పులసను పెంచడం సాధ్యపడలేదు. తాకితేనే పొలుసు రాలి చనిపోయేంత సున్నితమైన చేప కావడం ఇందుకు ఒక అడ్డంకి. నది నుండి పట్టిన చేపల గుడ్లను కృత్రిమంగా పొదిగించి పిల్లలను పెంచే ప్రయోగాలు బెంగాల్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలు చేస్తున్నవి. ఫరక్కా దిగువన పట్టిన చేపలను బారేజికి ఎగువన వదిలిపెట్టే ప్రయత్నం కూడా జరుగుతున్నది.